ఆరని ఇండికేటర్: హబ్సిగూడ–ఉప్పల్ రోడ్డు మీద ఒక ప్రమాదం, దాని పరిశోధన

మోటారు ప్రమాదాల క్లెయిములను పరిశోధించి బీమా సంస్థలకు నివేదికలు రాయడం నా వృత్తి. ఈ కేసులో నన్ను నియమించింది కారుకు బీమా చేసిన సంస్థ. నాకు ఫీజు ఎటువైపు నుంచి వచ్చిందో పాఠకులు ముందే తెలుసుకుని, నేను చెప్పేదాన్ని ఆ మేరకు తూచి చదువుకోవచ్చు. ఇరుపక్షాల పేర్లు, వారిని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను.

ఇండికేటర్ వేయకుండా మలుపు తిరగడం వల్ల జరిగిన ప్రమాదాలు మా ఫైళ్లలో ఎప్పుడూ ఉంటాయి. వాటిలో కొత్తగా నేర్చుకునేది పెద్దగా ఉండదు. ఈ కేసు వాటికి తలకిందులు. ఇందులో ఇండికేటర్ వెలిగింది, ఎదుటివారు దాన్ని చూశారు, చూసి నమ్మారు, నమ్మినందువల్లే ఒకరి కాలు విరిగింది.

ఆ సాయంత్రం

2024 డిసెంబరులో, హైదరాబాద్‌లో ఒక పనిదినం. సాయంత్రం ఆరున్నర దాటింది. కొరియర్ పని చేసే ఇరవై నాలుగేళ్ల యువకుడు స్కూటర్ మీద నాచారం వైపు నుంచి వచ్చి, హబ్సిగూడ చౌరస్తాలో ఫ్రీ లెఫ్ట్ తీసుకుని ఉప్పల్ రోడ్డెక్కాడు. అక్కడి నుంచి మెట్రో పిల్లర్ల వెంబడి, రోడ్డు ఎడమ అంచునే, సుమారు ఒక కిలోమీటరు వచ్చాడు. ఎన్‌జీఆర్‌ఐ మెట్రో స్టేషన్ దరిదాపుల్లో ఎడమవైపు కాలనీలోంచి ఒక గల్లీ వచ్చి మెయిన్ రోడ్డులో కలుస్తుంది. రోడ్డు నడుమ పిల్లర్ల డివైడర్ ఉండడం వల్ల ఆ గల్లీలోంచి బయటికి వచ్చే బండి ఏదైనా ఎడమకు తిరిగి ఉప్పల్ వైపు వెళ్లవలసిందే. ఆ గల్లీ మొదట్లో ఒక ఉపాధ్యాయిని కారు ఆపుకుని, రోడ్డు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కుడివైపు చూస్తున్నారు. మూలకు ఆనుకుని ఒక ట్రాలీ ఆటో నిలిపి ఉండడంతో, కారు ముక్కును కొంత ముందుకు పెడితే తప్ప వచ్చే బండ్లు ఆమెకు కనబడని పరిస్థితి.

ఆమెకు స్కూటర్ కనబడింది. దాని ఎడమ ఇండికేటర్ కొట్టుకుంటోంది. పైగా సరిగ్గా అప్పుడే స్కూటర్ నెమ్మదించింది. అది తన గల్లీలోకే తిరుగుతోందని నిశ్చయించుకుని ఆమె కారును కదిలించారు. స్కూటర్ తిరగలేదు. నేరుగా వచ్చి కారు కుడి ముందు మూలను తాకింది. బంపరుకూ స్కూటరుకూ మధ్య నలిగి యువకుడి ఎడమ కాలి ఎముక మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. హెల్మెట్ పెట్టుకుని ఉండడం వల్ల తలకు దెబ్బ తగల్లేదు.

పోలీసులు భారతీయ న్యాయ సంహిత 281 (నిర్లక్ష్యంగా బండి నడపడం), 125 (ఇతరుల ప్రాణానికి అపాయం కలిగించడం) సెక్షన్ల కింద కారు నడిపిన ఆమె మీద కేసు నమోదు చేశారు. చిన్న దారిలోంచి పెద్ద రోడ్డెక్కే బండి ఆగి దారి ఇవ్వాలన్నది నియమం కాబట్టి అందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. పెద్ద బండీ చిన్న బండీ తగులుకుంటే తప్పు పెద్ద బండిదేనన్న మన అలవాటు ఆలోచన కూడా కొంత పనిచేసి ఉండవచ్చు. ఎఫ్‌ఐఆర్‌లో ఇండికేటర్ మాట లేదు, పంచనామాలో లేదు, ఆ రాత్రి ఆమె ఇచ్చిన వాంగ్మూలంలోనూ లేదు. మూడో రోజున బీమా సంస్థకు రాసిన లేఖలో మొదటిసారిగా, 'స్కూటర్ ఎడమ ఇండికేటర్ వేసి ఉంది' అన్న వాక్యం కనిపించింది.

మూడు రోజులు ఆలస్యంగా వచ్చిన ఇలాంటి వాక్యాన్ని ఎవరో సలహా ఇస్తే పుట్టిన మాటగా చూడడం మా వృత్తిలో పరిపాటి. నేనూ మొదట అలాగే చూశాను. ఆసుపత్రిలో ఆ యువకుణ్ణి కలిసినప్పుడు నా అనుమానం ఇంకా బలపడింది. అతను ఏ తడబాటూ లేకుండా, "నేను ఇండికేటరే వెయ్యలె సార్. సీదా పోయేటోణ్ని, ఎందుకేస్త?" అన్నాడు. అబద్ధం చెబుతున్నవాడి తీరు అందులో ఎక్కడా లేదు. అతను అబద్ధం చెప్పలేదని, ఆమె కూడా చెప్పలేదని తెలియడానికి నాకు ఇంకో రెండు వారాలు పట్టింది.

వెలిగిందా, లేదా

గల్లీ మూలన ఉన్న మందుల దుకాణం కెమెరా దృశ్యాన్ని పోలీసులు అప్పటికే తీసుకున్నారు. అది వారికి దొరకడం అదృష్టమే, ఎందుకంటే ఆ దుకాణం డీవీఆర్‌లో, అంటే కెమెరా దృశ్యాలను దాచే పెట్టెలో, వారం దాటిన రికార్డు మీద కొత్తది ఎక్కిపోతుంది, నాకు ఫైలు అందింది పదో రోజున. ఢీకొన్న క్షణం అందులో ఉంది కానీ ఇండికేటర్ సంగతి తేలదు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన ద్విచక్ర వాహనాలకు ఇంజిన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైట్ వెలిగే ఉంటుంది. మసక చీకట్లో ఎదురుగా వచ్చే స్కూటర్ ముఖం కెమెరాకు ఒక తెల్లటి మెరుపు ముద్దగా మారుతుంది. దాని పక్కనే ఉన్న చిన్న నారింజ రంగు దీపం ఆ మెరుపులో మునిగిపోతుంది. ఈ దృశ్యం చూసి 'ఇండికేటర్ లేదు' అని రాసేసిన నివేదికలు నేను చూశాను. కెమెరాకు కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు.

అందుకని స్కూటర్ వచ్చిన దారి వెంట వెనక్కి నడిచాను. గల్లీకి నూట యాభై మీటర్ల ముందు ఒక మిఠాయి దుకాణం ఉంది. దాని కెమెరా రోడ్డును ఏటవాలుగా, వెళ్లే బండ్ల వెనక భాగం కనబడేలా చూస్తుంది, రికార్డు పదిహేను రోజులు నిలుస్తుంది. యజమాని సహృదయంతో కూర్చోబెట్టి చూపించారు. డీవీఆర్ గడియారం నా ఫోన్ కంటే పదకొండు నిమిషాలు ముందుకు నడుస్తోంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఆ తేడాను అక్కడికక్కడే రాసుకుని యజమాని సంతకం తీసుకోకపోతే, తర్వాత ఎవరైనా 'ఇది వేరే స్కూటర్' అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు.

ఆ దృశ్యంలో స్కూటర్ వెనక ఎడమ దీపం స్పష్టంగా కొట్టుకుంటోంది. రికార్డు సెకనుకు పదిహేను ఫ్రేముల చొప్పున ఉంది. దీపం వెలిగి, ఆరి, మళ్లీ వెలగడానికి పది ఫ్రేములు పడుతోంది. అంటే నిమిషానికి సుమారు 90 సార్లు. ప్రమాణాలు చెప్పేది నిమిషానికి 60 నుంచి 120 సార్లు కాబట్టి, ఇది గతుకుల్లో వదులుగా ఊగే దీపం మినుకు కాదు, మీట వేస్తే వచ్చిన ఇండికేటరే. రెండు మెట్రో పిల్లర్ల మధ్య దూరం టేపుతో కొలిస్తే 28 మీటర్లు వచ్చింది. ఆ దూరం దాటడానికి స్కూటర్‌కు 43 ఫ్రేములు పట్టింది. లెక్క కడితే గంటకు 35 కిలోమీటర్ల వేగం. కొరియర్ కుర్రవాడు దూసుకొచ్చాడన్న ఊహకు అక్కడితో చోటు లేకుండా పోయింది.

తర్వాత స్కూటర్‌ను చూడడానికి వెళ్లాను. అది పోలీస్ స్టేషన్ ఆవరణలో, వరసలో నిలిపిన పాత బండ్ల మధ్య దుమ్ము పట్టి ఉంది. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ తనిఖీ నివేదికలో బ్రేకులు సరిగ్గా ఉన్నాయని, యాంత్రిక లోపం లేదని, ముందు ఎడమ దీపం పగిలిందని ఉంది. పగిలిన ఆ దీపమే నాకు కావలసింది. పోలీసుల అనుమతితో, ఇద్దరు సాక్షుల ముందు ముందువైపు రెండు బల్బులూ తీయించి, విడివిడి కవర్లలో పెట్టించాను.

దీని వెనక ఉన్న శాస్త్రం కొంచెం వివరించాలి. మామూలు బల్బులోని టంగ్‌స్టన్ తీగ వెలుగుతున్నప్పుడు రెండు వేల డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఉంటుంది. ఆ వేడిలో తీగ మెత్తబడి ఉంటుంది కాబట్టి, దెబ్బ తగిలితే చుట్టలు సాగి, వంగి, లాగిన స్ప్రింగులా తయారవుతుంది. చల్లగా ఉన్నప్పుడు అదే తీగ పెళుసుగా ఉండి, తెగితే టక్కున తెగుతుంది. తీగ వేడిగా ఉండగానే గాజు కూడా పగిలితే, గాలి తగిలి టంగ్‌స్టన్ మండి, తీగ మీద, దాని పిన్నుల మీద తెలుపు, పసుపు రంగు పొడి పేరుకుంటుంది. ఈ స్కూటర్ ముందు ఎడమ బల్బులో ఆ రెండు గుర్తులూ ఉన్నాయి. కుడి బల్బు తీగ కొత్తదానిలా సమంగా ఉంది. తాకిడి క్షణంలో ఎడమ దీపం వెలుగుతోంది, కుడి దీపం వెలగడం లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇండికేటర్ ప్రతి సెకనులో కొంతసేపు చీకట్లో ఉంటుంది. దెబ్బ ఆ చీకటి సగంలో తగిలితే తీగ అప్పటికే చల్లబడి ఉండి ఏ గుర్తూ మిగలకపోవచ్చు. కాబట్టి వేడి గుర్తులు కనిపిస్తే దీపం వెలిగిందని గట్టిగా చెప్పవచ్చు. కనిపించకపోతే వెలగలేదని చెప్పకూడదు. మా వృత్తిలోకి కొత్తగా వచ్చేవారు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే.

సైకిల్ మీది సాక్షి

పంచనామాలో ఇద్దరు దుకాణదారుల పేర్లు ఉన్నాయి. ఇద్దరూ చప్పుడు విని బయటికి వచ్చినవారే. అసలు సంఘటనను చూసిన మనిషి ఆ కాగితాల్లో లేడు. మిఠాయి దుకాణం దృశ్యంలో స్కూటర్ వెనకాల పది పన్నెండు మీటర్ల దూరంలో ఒక సైకిల్ కనిపించింది. హ్యాండిల్‌కు ప్లాస్టిక్ గ్లాసుల సంచి, వెనక క్యారియర్ మీద పెద్ద టీ ఫ్లాస్కు. సాయంత్రాలు దుకాణాల దగ్గరికి చాయ్ తెచ్చే మనిషిని ఆ రోడ్డు మీద కనుక్కోవడం కష్టం కాలేదు. మర్నాడు అదే వేళకు వెళ్లి ఒక చాయ్ తాగాను.

యాభై దాటిన మనిషి. ఏం చూశాడో అడిగితే, "ఆ లైటు చౌరస్తా కాడికెళ్లి కొట్టుకుంటనే వస్తున్నది సార్. ప్రతి గల్లీ కాడ ఈడ మలుగుతడేమో, ఈడ మలుగుతడేమో అనుకుంట నేను జర ఎనక ఎనకనే వచ్చిన. మలగలె" అన్నాడు. బల్బు, కెమెరా కలిసి కూడా ఇవ్వలేని సమాచారం ఈ మూడు వాక్యాల్లో ఉంది. దీపం ఒక్క గల్లీ ముందు పొరపాటున వెలిగింది కాదు, చౌరస్తాలో ఫ్రీ లెఫ్ట్ కోసం వేసినది కిలోమీటరు పొడవునా ఆరకుండా వచ్చింది. నిమిషానికి 90 చొప్పున, రెండు నిమిషాల ప్రయాణంలో అది దాదాపు నూట ఎనభై సార్లు ఎడమకు తిరుగుతున్నానని చెప్పింది.

అతను అంత శ్రద్ధగా ఎందుకు గమనించాడన్నది నాకు ఆసక్తి కలిగించింది. రోడ్డు ఎడమ అంచున సాగే సైకిల్‌కు అన్నిటికంటే పెద్ద భయం, తనను దాటిపోయి వెంటనే ఎడమకు కోసుకుపోయే బండి. ముప్పై ఏళ్లుగా ఆ భయంతో తొక్కుతున్న మనిషి ముందున్న బండి ఇండికేటర్‌ను, బ్రేకు లైటును, నడిపేవాడి తలను కలిపి చదువుతాడు. తను తిరగవలసి వచ్చినప్పుడు చెయ్యి చాపుతాడు. నేను చూస్తుండగానే కుడికి తిరుగుతూ మూడు సార్లు చాపాడు. మోటారు వాహనాల చట్టం 2వ సెక్షన్‌లోని నిర్వచనం ప్రకారం సైకిల్ మోటారు వాహనం కాదు. దానికి నంబర్ ప్లేటు లేదు, చలానా రాదు, లైసెన్సు పరీక్ష లేదు. ఈ కేసులోని ముగ్గురిలో సంకేతాన్ని తప్పు లేకుండా ఇచ్చినవాడు, తప్పు లేకుండా చదివినవాడు అతనొక్కడే.

చేతి సంకేతాల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. కారు నడిపేవారు ఎడమకు తిరగాలంటే కుడి చెయ్యి బయటికి చాపి గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిప్పాలని 1989 నాటి రోడ్డు నియమాలు చెప్పాయి. లెర్నింగ్ లైసెన్సు పరీక్ష కోసం దీన్ని బట్టీ పట్టినవారు చాలామంది ఉన్నారు, రోడ్డు మీద చేసినవారిని నేను చూడలేదు. దాని స్థానంలో ఆటోడ్రైవరు బయటపెట్టే పాదం, బైకు వెనక కూర్చున్నవాడు ఊపే అరచెయ్యి, చౌరస్తాలో నేరుగా వెళ్తున్నానని చెప్పడానికి నాలుగు దీపాలూ ఒకేసారి వేసే కారు, ఇవన్నీ మన నగరంలో వాడుకలో ఉన్న సంకేతాలు. చివరిది మాత్రం ప్రమాదకరం. నాలుగు దీపాలు ఆగిపోయిన బండికి గుర్తు. పక్కనుంచి చూసేవాడికి వాటిలో ఒక్కటే కనిపిస్తుంది, అతనికి అది మలుపు సంకేతమే.

ఎందుకు ఆరలేదు

కారులో స్టీరింగ్ తిరిగి నిటారుగా వచ్చేటప్పుడు లోపలి పరికరం ఇండికేటర్ మీటను దానంతటదే వెనక్కి తోస్తుంది. స్కూటర్లలో, కొన్ని ఖరీదైన బైకులు మినహా, ఆ ఏర్పాటు ఉండదు. నడిపేవాడే నొక్కి ఆర్పాలి. అందులోనూ ఈ స్కూటర్ మీట పక్కకు తోసి వదిలితే స్ప్రింగు వల్ల మధ్యకు వచ్చేసే రకం. దీపం వెలుగుతున్నా, ఆరి ఉన్నా మీట ఒకే చోట ఉంటుంది. స్టేషన్‌లో మీటను చూసి వేశాడా లేదా అన్నది నేను చెప్పలేకపోయినట్టే, నడుపుతున్నప్పుడు అతని బొటనవేలు కూడా చెప్పలేదు.

ఇక మిగిలింది కన్ను, చెవి. స్పీడోమీటరు పలకలో ఒక చిన్న ఆకుపచ్చ బాణం వెలిగి ఆరుతూ ఉంటుంది. కానీ అతను దారి చూసుకోవడానికి ఫోను స్టాండు బిగించుకున్నాడు, ఫోను పెడితే ఆ బాణం సరిగ్గా దాని వెనకకు పోతుంది. నేను అతని స్నేహితుడి ఫోను పెట్టి కూర్చుని చూశాను, ముందుకు వంగితే తప్ప బాణం కనబడలేదు. దీపాన్ని వెలిగించి ఆర్పే రిలే పరికరం చేసే టిక్ టిక్ శబ్దం మెట్రో వంతెన కింద, బస్సుల మధ్య, హెల్మెట్ లోపలికి వినబడే ప్రశ్నే లేదు. చౌరస్తా ఆకారం కూడా కొంత కారణం. అక్కడి ఫ్రీ లెఫ్ట్ ఆగి తిరిగే మలుపు కాదు, వంపుగా సాగిపోయే మలుపు. మలుపు ఎక్కడ ముగిసిందో శరీరానికి తెలియదు కాబట్టి, ముగిసింది ఇక ఆర్పాలి అన్న తలపు రావడానికి ఒక క్షణమంటూ ఉండదు.

ఇవన్నీ అతనికి చూపించినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే నేనే పిలిచినట్టయింది గద సార్" అన్నాడు.

గల్లీ ముందు అతను ఎందుకు నెమ్మదించాడన్న ప్రశ్న మిగిలింది. జవాబు రోడ్డు మీదే ఉంది. గల్లీకి ఎనిమిది మీటర్ల ముందు, ఎడమ అంచున, పైపు వేసి సరిగ్గా పూడ్చని అడ్డగీత ఒకటి ఉంది. రోజూ వెళ్లేవారందరూ అక్కడ బ్రేకు వేస్తారు. ఉపాధ్యాయినికి ఇండికేటర్‌తో పాటు వేగం తగ్గడం కూడా కనబడింది. రెండు గుర్తులు ఒకే మాట చెప్పాయి, రెండూ వేర్వేరు కారణాలతో తప్పు చెప్పాయి.

లెక్క ఇలా ఉంది. అడ్డగీత దగ్గర స్కూటర్ వేగం గంటకు 25 కిలోమీటర్లకు తగ్గింది, అంటే సెకనుకు ఏడు మీటర్లు. నిలిచి ఉన్న కారు మామూలుగా కదిలి మూడు మీటర్లు ముందుకు రావడానికి రెండు సెకన్లు పడుతుంది. ఆ రెండు సెకన్లలో స్కూటర్ పద్నాలుగు మీటర్లు వస్తుంది. కారు కదలడం చూసి, అర్థం చేసుకుని, బ్రేకు మీద చెయ్యి వేయడానికి మామూలు మనిషికి ఒకటిన్నర సెకను పోతే, మిగిలేది మూడున్నర మీటర్లు. గట్టిగా బ్రేకు వేసినా ఆ దూరంలో స్కూటర్ ఆగడం చాలా కష్టం. అతను వేగంగా రాలేదు, ఆలస్యంగా స్పందించలేదు. ఆమె కారు కదిలించిన క్షణంలోనే ప్రమాదం దాదాపు ఖాయమైంది.

చలానాకు కనబడనిది

స్కూటర్ పేరిట ఉన్న చలానాల వివరాలు ఆ యువకుడే చూపించాడు. హెల్మెట్ లేనందుకు ఒకటి, స్టాప్ లైను దాటినందుకు ఒకటి, రాంగ్ రూటులో వచ్చినందుకు ఒకటి. 2023 డిసెంబరు చివర్లో ప్రభుత్వం ద్విచక్ర వాహనాలకు 80 శాతం రాయితీ ప్రకటించినప్పుడు మూడింటినీ కలిపి కట్టేశాడు. ఆ తర్వాత హెల్మెట్ లేకుండా బండి తీయలేదని చెప్పాడు. అతని తల పగలకపోవడమే దానికి రుజువు. చలానా పనిచేయదనేవారితో నేను ఏకీభవించను. అది నేర్పగలిగింది నేర్పింది.

నేర్పలేనిది ఎందుకు నేర్పలేదన్నది వేరే ప్రశ్న. మన నగరంలో చలానాతో పాటు వచ్చేది ఒక నిశ్చల చిత్రం. తల మీద హెల్మెట్ ఉందా, బండి మీద ముగ్గురున్నారా, చక్రం గీత దాటిందా, ఇవన్నీ ఒక్క ఫొటోలో తేలిపోతాయి. 2021 ఆగస్టులో కేంద్రం చేర్చిన 167ఏ నిబంధన ఎలక్ట్రానిక్ పరికరాల ఆధారంగా చలానా వేయడానికి అనుమతించిన ఉల్లంఘనల్లో వేగం, హెల్మెట్, సీటుబెల్టు, ఎర్ర దీపం దాటడం, చేతిలో ఫోను వంటివి ఉన్నాయి. ఇండికేటర్ స్వభావమే అలాంటిది కాదు. అది సగం కాలం ఆరి ఉంటుంది కాబట్టి, దీపం ఆరి ఉన్న ఫొటో దేనికీ సాక్ష్యం కాదు. వెలిగి ఉన్న ఫొటో కూడా అది మలుపుకు ఎంత ముందు వెలిగిందో చెప్పదు. ఇండికేటర్ వేయలేదని నిరూపించాలంటే మలుపుకు ముందు నాలుగైదు సెకన్లు, మలుపు పూర్తయ్యే దాకా ఇంకో నాలుగైదు సెకన్లు ఆగకుండా చిత్రించాలి. జంక్షన్‌లో బండ్లను చేత్తో నడిపిస్తూ, మధ్యలో ఫొటోలు తీస్తున్న కానిస్టేబుల్ నుంచి అది ఆశించడం అన్యాయం.

చట్టంలో లోపం లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 121వ సెక్షన్ సంకేతాలు ఇవ్వడాన్ని డ్రైవరు విధిగా చేసింది. 2017లో వచ్చిన డ్రైవింగ్ రెగ్యులేషన్లను ఉల్లంఘిస్తే 500 నుంచి 1,000 రూపాయల జరిమానా అని 2019 సవరణ 177ఏ సెక్షన్‌లో రాసింది. ఆ సవరణలోని పెంచిన జరిమానాలను అమలు చేయబోమని మన రాష్ట్రం అప్పట్లో ప్రకటించిందన్నది వేరే సంగతి. జరిమానా వందైనా వెయ్యైనా, పట్టుకునే మార్గం లేని తప్పుకు అంకె పెంచి ప్రయోజనం లేదు. ఈ కేసులో అయితే దానికంటే విచిత్రమైన పరిస్థితి. చౌరస్తా నుంచి గల్లీ దాకా ఎంతమంది పోలీసులు నిలబడి చూసినా, వెలుగుతున్న ఇండికేటర్‌తో, హెల్మెట్‌తో, 35 కిలోమీటర్ల వేగంతో, ఎడమ అంచున వస్తున్న ఆ యువకుడు వారికి పద్ధతైన రైడరుగానే కనబడేవాడు.

నాకు తోచిన ఒకే ఒక్క చోటు లైసెన్సు పరీక్ష. నాగోలు ట్రాక్ మీద పరీక్షలు జరుగుతుండగా నేను ఈ కేసు తర్వాత ఒక ఉదయమంతా నిలబడి చూశాను. మలుపుకు ముందు ఇండికేటర్ వేశారా అన్నదాని మీద అందరి దృష్టీ ఉంది, అభ్యర్థులూ అది మర్చిపోరు. మలుపు తర్వాత ఆర్పారా అని ఎవరూ చూడడం నా కంటపడలేదు. ఒక అమ్మాయి ఎనిమిది అంకె ఆకారం మొత్తం తిరిగి, గీత దాటి, బండి దిగి, సంతకం పెట్టడానికి వెళ్లే దాకా దీపం వెలుగుతూనే ఉంది. తోడు వచ్చిన తండ్రే వెళ్లి ఆర్పాడు.

బాధ్యత ఎవరికెంత

క్లెయిము ట్రిబ్యునల్‌కు వెళ్లింది. ఇలాంటి చోట రెండు వాదాలు వినిపిస్తాయి. ఇండికేటర్ వేసినవాడు ఎదుటివారికి మాట ఇచ్చినట్టే, చెప్పేదొకటి చేసేదొకటి అయితే ఫలితం అతనే భరించాలన్నది ఒకటి. పెద్ద రోడ్డు మీద వచ్చే బండికి దారి ఇవ్వవలసిన బాధ్యత ఒక్క దీపం చూసి రద్దయిపోదు, బండి నిజంగా తిరగడం మొదలయ్యే దాకా ఆగాలన్నది రెండోది. నా నివేదికలో రెండోదానికే మొగ్గాను, ఫీజు ఇచ్చినవారికి అది అంతగా నచ్చలేదు. ఆమె చూసిన గుర్తులు రెండూ నిజమే, కానీ మూడోది చూడలేదు. స్కూటర్ మీద ఎడమకు తిరగబోయేవాడి తల ముందు తిరుగుతుంది, తర్వాత భుజం, ఆ తర్వాత చక్రం. అతని తల నిటారుగా ఉంది. ట్రాలీ ఆటో అడ్డు లేకపోయి ఉంటే ఆమె అది కూడా చూసేవారేమో. చాయ్ సైకిల్ మనిషి మాత్రం వెనక నుంచే చూశాడు.

పరిహారంలో మూడో వంతు తగ్గించవచ్చని సూచించాను. లోక్ అదాలత్‌లో పాతిక శాతం తగ్గింపు దగ్గర ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. కాలి వైకల్యాన్ని వైద్యుడు రాసిన శాతంగా కాక, సంపాదన మీద దాని ప్రభావంగా చూడాలని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో చెప్పిన సూత్రం, బండి మీదే బతుకు గడిచే ఈ యువకుడికి బాగా ఉపయోగపడింది. ఏడాది సంపాదన నష్టాన్ని హెచ్చవేసే గుణకం అతని వయసును బట్టి 18 అన్నదాని మీద ఎవరికీ వివాదం లేదు. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు కాబట్టి క్లెయిము అక్కడితో ముగిసింది.

ఉపాధ్యాయిని మళ్లీ కారు నడుపుతున్నారు. కాలనీ సంఘం వారితో మాట్లాడి గల్లీ మూలన బండ్లు నిలపకుండా రెండు సిమెంటు దిమ్మెలు పెట్టించారు. పైపు అడ్డగీతను ఎవరో మళ్లీ తవ్వి, మళ్లీ అలాగే పూడ్చారు.

యువకుడు ఆరు నెలల తర్వాత పనిలో చేరాడు. కాగితాల మీద సంతకాలకు నా దగ్గరికి వచ్చినప్పుడు స్కూటర్‌ను కిందికి వెళ్లి చూశాను. మెకానిక్‌తో ఇండికేటర్‌కు బజరు పెట్టించుకున్నాడు, వేసినంతసేపూ గట్టిగా కూస్తుంది. ఫోను స్టాండును పక్కకు జరిపాడు. పగిలిన బల్బు దీపాల స్థానంలో నాలుగూ ఎల్‌ఈడీలు వేయించాడు. కరెంటు తక్కువ తింటాయట, చూడ్డానికీ బాగున్నాయి. ఎల్‌ఈడీలో తీగ ఉండదు. తాకిడి క్షణంలో అది వెలుగుతోందో లేదో చెప్పే గుర్తేదీ దానిలో మిగలదు. అతని పాత బల్బులు రెండూ కవర్లలో, ఈ ఫైలుతో పాటే, నా బీరువాలో ఉన్నాయి.